దూరం నుంచి జింక వేటకి ఏ కార్ట్రిడ్జ్ మంచిది? 6.5 క్రీడ్‌మూర్, .308, .270, మ్యాగ్నమ్‌ల పోలిక

తుపాకుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి "జింక వేటకి రైఫిల్ కావాలి, దూరం నుంచి కొట్టగలగాలి" అని చెప్పి చూడండి. అవతలి మనిషి చెయ్యి నేరుగా మ్యాగ్నమ్‌లున్న (ఎక్కువ మందు పట్టే బలమైన తూటాల రైఫిళ్లున్న) వరస వైపు పోతుంది. ఆయన అబద్ధం చెబుతున్నాడని కాదు. జింకకి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానీ కొన్న మనిషి దాంతో ఏడాదికి ఎన్ని తూటాలు కాలుస్తాడన్నది మాత్రం కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు.

కార్ట్రిడ్జ్ అంటే ఇత్తడి కేస్, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం తూటా. 6.5, .308 లాంటివి బుల్లెట్ మందాన్ని (మిల్లీమీటర్లలోనో అంగుళాల్లోనో) సుమారుగా చెప్పే పేర్లు. నా సలహా ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొత్తగా కొంటుంటే 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే .308 గానీ .270 గానీ ఉంటే దాన్ని మార్చకండి, ఆ డబ్బు స్కోప్ మీదా తూటాల మీదా పెట్టండి. జింకతో పాటు ఎల్క్ (జింక జాతిలోనే చాలా పెద్ద జంతువు) వేటకి కూడా వెళ్లే ఉద్దేశం గట్టిగా ఉంటేనే 7 ఎంఎం మ్యాగ్నమ్ దాకా వెళ్లండి.

ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. టెక్సస్, కొలరాడో లాంటి చోట్ల స్థిరపడి, ఆఫీసులో స్నేహితులు పిలిస్తే వేటకి వెళ్లి, ఆ తర్వాత సొంత రైఫిల్ కొనుక్కుందామనుకుంటున్న మనవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అసలు దూరం అంటే ఎంత?

టెక్సస్ హిల్ కంట్రీలో చాలామంది వేటాడేది బ్లైండ్‌లో (జింకకి కనబడకుండా దాక్కునే చాటులో) కూర్చుని. ఎదురుగా మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ ఉంటుంది. అక్కడి నుంచి జింక నిలబడే చోటు మహా అయితే 100, 150 గజాలు. అక్కడి వైట్‌టెయిల్ జింకలు కూడా పెద్దవేమీ కావు. ఆ వేటకి ఈ వ్యాసంలోని ఏ కార్ట్రిడ్జ్ అయినా ఒకటే, కళ్లు మూసుకుని ఏది కొన్నా నష్టం లేదు.

పోలిక అవసరమయ్యేది పశ్చిమానికి వెళ్లినప్పుడు. వయోమింగ్ సేజ్ పొదల మైదానాలు, తూర్పు కొలరాడో గడ్డిభూములు, పెకోస్ నది అవతల పశ్చిమ టెక్సస్. అక్కడ మ్యూల్ డియర్ (పశ్చిమాన ఉండే జింక రకం) మిమ్మల్ని అర మైలు దూరం నుంచే చూసేస్తుంది. చాటు చూసుకుంటూ ఎంత పాకినా కొన్నిసార్లు 300 గజాల దగ్గరే ఆగిపోవాలి. నా లెక్కలో జింక విషయంలో 300 గజాలు దూరమే, 400 చాలా దూరం, 500 అంటే ఏడాది పొడవునా సాధన చేసేవాళ్లకి మాత్రమే. 500 గజాలకి క్రీడ్‌మూర్ బుల్లెట్ చేరడానికి సుమారు 0.64 సెకన్లు పడుతుంది. మీరు ట్రిగ్గర్ నొక్కాక జింక ఒక్క అడుగు ముందుకేస్తే, గుండెకి తగలాల్సింది పొట్టలో తగులుతుంది. ఆ తప్పుని ఏ కార్ట్రిడ్జూ సరిదిద్దలేదు.

జింకలో గురిపెట్టాల్సిన గుండె, ఊపిరితిత్తుల భాగం ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పు ఉంటుంది. కింద వచ్చే అంకెలన్నీ ఈ ఎనిమిది అంగుళాల పక్కన పెట్టి చదువుకోండి.

అంకెలు

పోలిక న్యాయంగా ఉండాలని అన్నింటికీ తూటాల కంపెనీ హార్నడీ వాళ్ల ఈఎల్‌డీ-ఎక్స్ అనే వేట బుల్లెట్‌నే తీసుకున్నాను. స్కోప్ 200 గజాలకి జీరో చేసి ఉంది (అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా సర్ది ఉంది), సముద్రమట్టం దగ్గరి గాలి, గంటకి 10 మైళ్ల పక్కగాలి అనుకుని లెక్క కట్టిన ఉజ్జాయింపు అంకెలివి. పడిపోవడం, పక్కకి జరగడం, శక్తి, మూడూ 500 గజాల దగ్గర. కిక్ (పేల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని తన్నే దెబ్బ) మాత్రం స్కోప్‌తో కలిపి 8 పౌన్ల బరువున్న రైఫిల్‌ది. గ్రెయిన్ బుల్లెట్ బరువుకి కొలత, ఫుట్ పౌన్ శక్తికి కొలత.

| కార్ట్రిడ్జ్, బుల్లెట్ బరువు | కిందికి పడేది (అంగుళాలు) | గాలికి జరిగేది (అంగుళాలు) | మిగిలిన శక్తి (ఫుట్ పౌన్లు) | కిక్ (ఫుట్ పౌన్లు) |
|---|---|---|---|---|
| .243 విన్‌చెస్టర్, 90 గ్రెయిన్లు | 37 | 19 | 860 | 9 |
| 6.5 క్రీడ్‌మూర్, 143 | 44 | 15 | 1300 | 13 |
| .308 విన్‌చెస్టర్, 178 | 50 | 18 | 1370 | 17 |
| .270 విన్‌చెస్టర్, 145 | 37 | 15 | 1500 | 19 |
| 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్, 162 | 36 | 13 | 1800 | 24 |
| .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్, 200 | 39 | 14 | 2000 | 30 పైనే |

అందరూ ముందు చూసేది కిందికి పడే అంకెనే. నిజానికి దాని గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. భూమ్యాకర్షణ రోజుకోలా మారదు. రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలిచి, స్కోప్ పైనున్న టరెట్‌ని (గురి సర్దే చక్రాన్ని) ఆ దూరానికి తిప్పేస్తే 44 అయినా 50 అయినా తేడా లేదు. 250 గజాల లోపయితే టరెట్ ముట్టుకునే పని కూడా లేదు.

కష్టమంతా గాలితోనే. మీరున్న చోట గాలి చెంపకి తగులుతుంటుంది, మధ్యలో లోయలో ఇంకోలా ఉంటుంది, జింక దగ్గర గడ్డి అసలు కదలకపోవచ్చు. గంటకి 10 మైళ్లనుకున్న గాలి నిజానికి 15 అయితే క్రీడ్‌మూర్ గురి ఏడున్నర అంగుళాలు తప్పుతుంది. 7 ఎంఎం మ్యాగ్నమ్ అయితే ఆరున్నర. ఎనిమిది అంగుళాల గురిలో రెండూ తప్పినట్టే. అంతంత డబ్బు, అంత కిక్ భరించి మ్యాగ్నమ్‌తో తెచ్చుకున్న లాభం ఇక్కడ ఒక్క అంగుళం. అదే దూరాన్ని 500 నుంచి 350కి తగ్గించుకుంటే గాలి ప్రభావం సగానికి పైగా తగ్గిపోతుంది. ఇంకో 150 గజాలు పాకడానికి మోకాళ్లు తప్ప ఖర్చయ్యేదేమీ లేదు.

శక్తి సంగతికొస్తే, జింకకి తగిలే చోట కనీసం 1000 ఫుట్ పౌన్లు ఉండాలనేది వేటగాళ్లలో పాత లెక్క. అదేమీ శాస్త్రీయమైన గీత కాదు గానీ, ఒక అంచనాకి పనికొస్తుంది. పట్టికలో .243 ఒక్కటే దానికి కింద ఉంది.

కంపెనీలు చెప్పే వేగాలు ఎక్కువగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినవి. మీది 20 అంగుళాలదైతే సెకనుకి 80, 100 అడుగుల వేగం తగ్గుతుంది. మ్యాగ్నమ్‌లలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అందుకే పొట్టి బ్యారెల్‌లో మ్యాగ్నమ్ కొనడం డబ్బిచ్చి చప్పుడు కొనుక్కోవడమే. అలాగే డాలస్‌లో జీరో చేసిన రైఫిల్‌ని 8,000 అడుగుల ఎత్తున్న కొలరాడో కొండల్లోకి తీసుకెళ్తే, పల్చటి గాలి వల్ల 500 గజాల దగ్గర తూటా అనుకున్న దానికంటే కాస్త పైన తగులుతుంది. 300 లోపు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

6.5 క్రీడ్‌మూర్ ఎందుకంటే

హార్నడీ దీన్ని 2007లో తెచ్చింది, టార్గెట్ పోటీల కోసం. వేటగాళ్లు తర్వాత ఎత్తుకున్నారు. దీని గొప్పతనం వేగంలో లేదు, పట్టికలో చూస్తే .270 దీనికంటే వేగంగా, చదునుగా వెళ్తుంది. బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉండటంలో ఉంది. అలాంటి బుల్లెట్ గాలిని తేలిగ్గా చీల్చుకుంటూ పోతుంది, వేగాన్ని నిలబెట్టుకుంటుంది. పొడుగు బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపలి గాడులు బిగువుగా మెలి తిరిగి ఉండాలి. క్రీడ్‌మూర్ రైఫిళ్లు మొదటి నుంచీ ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు లెక్కన తయారవుతున్నాయి కాబట్టి, పెట్టె మీద ఏ బరువు రాసున్నా ఆలోచించకుండా కొనొచ్చు. పాత కార్ట్రిడ్జ్‌లతో ఈ సుఖం లేదు.

రెండో కారణం కిక్. 13 ఫుట్ పౌన్లంటే ఒక పూటలో రెండు పెట్టెలు కాల్చినా భుజం మొరాయించదు. తూటా పేలాక కూడా స్కోప్‌లో జింక కనిపిస్తూనే ఉంటుంది, ఎక్కడ తగిలిందో మీ కళ్లతో మీరే చూస్తారు. ఒంటరిగా వేటాడేవాడికి ఇది చిన్న విషయం కాదు. .300 మ్యాగ్నమ్‌తో కాలిస్తే స్కోప్‌లో ఆకాశం కనిపిస్తుంది, మళ్లీ కిందికి దించేసరికి జింక పొదల్లో ఉంటుంది.

దీన్ని దేవుడిచ్చిన తూటాలాగా పొగిడే బ్యాచ్ ఒకటుంది. వెక్కిరించే బ్యాచ్ ఇంకొకటి. రెండింటినీ వదిలేయండి. ఇది మంచి మధ్యతరగతి కార్ట్రిడ్జ్, 500 గజాల దాకా జింకకి సరిపోతుంది. ఎల్క్‌కి నేనైతే దీంతో 300 దాటను.

.308, .30-06

.308 విన్‌చెస్టర్ 1952లో వచ్చింది. నేటో సైన్యాల 7.62 తూటా దీనికి కవల. తూటాలు దొరకని ఊరుండదు, రకాలు లెక్కలేనన్ని, ధరలు అందుబాటులో ఉంటాయి. 300 గజాల లోపు దీనికీ క్రీడ్‌మూర్‌కీ మధ్య జింకకి తెలిసే తేడా ఏమీ లేదు. తేడా కనబడేది 400 దాటాకే. అది కూడా మీరు 178 గ్రెయిన్ల పొడుగు బుల్లెట్ వాడితే పట్టికలో ఉన్నంతే. చాలామంది మామూలు 150 గ్రెయిన్ల తూటాలు కొంటారు. వాటిని అదే గాలి 500 గజాల దగ్గర 22, 23 అంగుళాలు పక్కకి నెడుతుంది. ".308 గాలికి ఆగదు" అనే ఫిర్యాదులో సగం ఆ పెట్టెదే.

.30-06 అమెరికా సైన్యం 1906లో తీసుకున్నది. పేరులోని 06 ఆ ఏడాదే. .308 కంటే కొంచెం వేగం, కొంచెం ఎక్కువ కిక్. మామగారి దగ్గరో పక్కింటాయన దగ్గరో చవకగా వస్తే తీసుకోండి. కొత్తగా కొనడానికి ప్రత్యేకంగా కారణమేమీ కనిపించదు.

.270 విన్‌చెస్టర్

1925 నాటిది, నూరేళ్లు నిండాయి. పట్టికలో దాని వరస మళ్లీ ఒకసారి చూడండి. చదునుగా వెళ్లడంలో 7 ఎంఎం మ్యాగ్నమ్‌తో సమానంగా ఉంది, గాలికి క్రీడ్‌మూర్‌తో సమానంగా ఉంది, శక్తిలో దాన్ని దాటింది. కొండల్లో జింక వేటకి ఇంతకంటే సరైనది ఇంకోటి లేదని వాదించేవాళ్లతో నేను గొడవ పెట్టుకోను. దీని బలహీనత వేరే. మామూలు .270 బ్యారెల్ పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే 150 గ్రెయిన్లు దాటిన పొడుగు బుల్లెట్లు ఇందులో నిలకడగా పోవు. ఆ లోటు తీర్చడానికే 2021లో 6.8 వెస్టర్న్ అని ఇంకోటి తెచ్చారు. జింక వరకే అయితే ఆ బరువు బుల్లెట్ల అవసరం ఎలాగూ రాదు. కిక్ క్రీడ్‌మూర్ కంటే గట్టిగానే ఉంటుంది, రైఫిల్ కొన్నాక కాదు, కొనేముందే ఒకసారి ఎవరిదైనా అడిగి కాల్చి చూడండి.

మ్యాగ్నమ్‌లు

7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ 1962లో, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ 1963లో వచ్చాయి. ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువుల కోసం పుట్టినవి. రెండిట్లో జింకకి 7 ఎంఎం నయం. గాలికి అన్నిటికంటే బాగా ఆగేది అదే. .300తో జింకని దగ్గర నుంచి కొడితే మాంసం చాలా పాడవుతుంది, వండుకునేవాళ్లకి అది నష్టమే.

కొత్తగా వచ్చిన 6.5 పీఆర్‌సీ, 7 ఎంఎం పీఆర్‌సీ గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. రెండూ బాగా ఆలోచించి చేసినవే. 6.5 పీఆర్‌సీ అంటే క్రీడ్‌మూర్ బుల్లెట్‌నే సెకనుకి 250 అడుగుల దాకా ఎక్కువ వేగంతో పంపేది. జేబు బరువుగా ఉంటే తప్పేమీ లేదు. కానీ చిన్న ఊరి షాపులో సీజన్ మొదలయ్యే ముందు రోజు సాయంత్రం తూటాలు అయిపోతే, .308 దొరికినట్టు అవి దొరకవు.

కిక్ గురించి మగవాళ్లు నిజం చెప్పరు. "నాకేం అనిపించదు" అంటారు. రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) ఒక పరీక్ష ఉంది. మీరు చూడకుండా మీ స్నేహితుణ్ణి మ్యాగజైన్ నింపమనండి, అసలు తూటాల మధ్యలో ఒక డమ్మీ పెట్టమనండి. వరసగా కాల్చండి. డమ్మీ వచ్చినప్పుడు పేలదు, "టిక్" మంటుంది అంతే. ఆ క్షణంలో బ్యారెల్ మొన కదలకుండా ఉంటే మీకు ఆ రైఫిల్ సరిపోయినట్టు. చాలామందికి మొన గబుక్కున కిందికి కుంగుతుంది, భుజం ముందుకొస్తుంది, కళ్లు మూసుకుపోతాయి. పేలినప్పుడు కూడా శరీరం అదే చేస్తోంది, చప్పుడులో తెలియలేదంతే. ఆ ఉలికిపాటు 300 గజాల దగ్గర అడుగు దూరం గురి తప్పిస్తుంది. బ్యారెల్ చివర మజిల్ బ్రేక్ (పేలిన వాయువుల్ని పక్కకి మళ్లించే ముక్క) బిగిస్తే కిక్ తగ్గుతుంది, నిజమే, కానీ చప్పుడు చెవులు పగలగొడుతుంది. బ్లైండ్‌లో పక్కన కూర్చున్నవాళ్లు మళ్లీ మీతో రారు.

.243, 7 ఎంఎం-08

ఇంట్లో భార్యకో, పెరుగుతున్న పిల్లలకో కొంటుంటే .243 పేరు ముందు వినిపిస్తుంది. 1955 నాటిది, .308 కేస్‌నే మెడ సన్నం చేసి తయారు చేశారు. కిక్ చాలా తక్కువ. అయితే 400 గజాలకి వచ్చేసరికి శక్తి 1000 దగ్గరికి పడిపోతుంది, తప్పుకి చోటు తక్కువ. దాన్ని 250 గజాల రైఫిల్ అనుకుని వాడితే ఇబ్బంది లేదు. దూరం కూడా కావాలంటే అదే కుటుంబంలోని 7 ఎంఎం-08 రెమింగ్టన్ మేలు. క్రీడ్‌మూర్‌తో దాదాపు సమానం, కిక్ కొద్దిగా ఎక్కువ. తూటాల రకాలు తక్కువగా దొరకడమే దాని దురదృష్టం.

తూటా పెట్టె మీద చదవాల్సింది

ఒకే కార్ట్రిడ్జ్‌లో రెండు రకాల బుల్లెట్ల మధ్య తేడా, రెండు కార్ట్రిడ్జ్‌ల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉండొచ్చు. వేట బుల్లెట్ తగలగానే పువ్వులా విచ్చుకోవాలి. అలా విచ్చుకోవడానికి కొంత కనీస వేగం కావాలి. నోస్లర్ కంపెనీ ఆక్యుబాండ్ బుల్లెట్‌కి అది సెకనుకి 1800 అడుగులు. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లు గట్టివి, చాలావాటికి 2000 దగ్గర ఉండాలి. వేగం అంతకంటే తగ్గితే సూదిలా దూరి అవతలికి పోతుంది, జింక గాయంతో మైళ్లు పరిగెడుతుంది. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి సీసం ఉన్న తూటాలతో వేట నిషేధం కాబట్టి అక్కడ రాగే గతి. అక్కడ ఉండేవాళ్లు క్రీడ్‌మూర్ కంటే వేగమున్న .270 వైపు మొగ్గడంలో అర్థముంది. పోటీల కోసం చేసిన, "మ్యాచ్" అని రాసున్న తూటాలు కాగితం మీద ఎంత బాగా పడినా జింక మీదికి తీసుకెళ్లకండి.

రెండు మూడు రకాల పెట్టెలు కొని మీ రైఫిల్ దేన్ని ఇష్టపడుతుందో చూసుకోండి. తర్వాత ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్ ఒకటి పెట్టి, బెంచీ మీద కాకుండా నేల మీద కూర్చుని, షూటింగ్ స్టిక్స్ ఆనుకుని కాల్చండి. ఐదుకి ఐదూ ప్లేట్‌లో పడే దూరం ఎంతో అదే ఆ సీజన్‌కి మీ హద్దు. బెంచీ మీద 500 కొట్టేవాళ్లకి ఇలా కూర్చుంటే 250 దగ్గరే చెమటలు పడతాయి.

కొనేముందు చట్టం

రాష్ట్రాన్ని బట్టి ఈ పోలికంతా మారిపోవచ్చు. కొలరాడోలో జింకకి కనీసం .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 ఫుట్ పౌన్ల శక్తి ఉండాలి, పైవన్నీ పాసవుతాయి. టెక్సస్‌లో రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటా) కాకుండా ఉంటే చాలు, కానీ 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. ఒహైయోలో జింకకి మెడ సన్నబడని, తిన్నని కేస్ ఉన్న కార్ట్రిడ్జ్‌లకే అనుమతి, అంటే .350 లెజెండ్ లాంటివి. పైన చెప్పిన వాటిలో ఒక్కటీ అక్కడ చెల్లదు. న్యూజెర్సీలో జింకకి ఇలాంటి రైఫిలే వాడకూడదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండి పక్క రాష్ట్రంలో వేటాడదామనుకునేవాళ్లు ఆ రాష్ట్రం నియమాలతో పాటు, తుపాకీని దారిలో ఎలా తీసుకెళ్లాలో కూడా చూసుకోవాలి.

వీసా సంగతి మనవాళ్లకి అన్నిటికంటే ముఖ్యం. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అంటే లైసెన్స్ ముందు, రైఫిల్ తర్వాత. లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు ఇంట్లో ఉన్న రైఫిల్ కూడా సమస్యే. స్నేహితుడి రైఫిల్‌ని రేంజ్‌లో చేతిలోకి తీసుకోవడానికి కూడా ఇదే వర్తిస్తుంది. హెచ్-1బీలో ఉండి గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్లు వంద డాలర్లు పోయినా పర్లేదని ఒక లాయర్‌ని అడిగి, ఆ తర్వాతే షాపుకి వెళ్లడం మంచిది.

ఇంకొకటి. వేటకి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌ని ఇండియా ప్రయాణానికి వాడకండి. పక్క జేబులో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు, అది తెలియక వచ్చిందని నిరూపించుకునేసరికి సెలవులన్నీ అయిపోతాయి. వేటకి ఒక బ్యాగ్ విడిగా కొనుక్కోండి.